మెంటార్ సార్‌కి ఎవరు నేర్పారు?

పోయిన డిసెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున్నే మా బీటెక్ బ్యాచ్‌మేట్ ఫోన్ చేసింది. తను ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్. "ఏరా, ఎక్సెల్‌లో చిన్న మ్యాక్రో రాసిపెడతావా? నాక్ టీమ్ వస్తోంది. 20 మంది పిల్లల మెంటారింగ్ రికార్డు రేపటికల్లా నింపాలి" అంది.

సరేనన్నా. షీట్ పంపింది. తెరిచి చూస్తే 20 వరసలు, నెలకో మీటింగ్ తేదీ, చివర్లో 'రిమార్క్స్' అని ఒక కాలమ్. అందులో పైనుంచి కింది దాకా ఒకటే ముక్క: 'బాగా చదవమని సలహా ఇవ్వడమైనది'. హాజరు 92 శాతం ఉన్న అమ్మాయికీ అదే, ఆరు బ్యాక్‌లాగ్‌లున్న అబ్బాయికీ అదే.

మొదట నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. తొమ్మిదేళ్ల కిందట ఇలాంటి రిజిస్టర్‌లోనే నా పేరుకు ఎదురుగా కూడా సరిగ్గా ఈ ముక్కే ఉండి ఉంటుంది. ఆ ఏడాదే నేను డిటెయిన్ అయ్యా.

68 శాతం

సెకండియర్ రెండో సెమ్‌లో నాకు పచ్చకామెర్లు. చాలా రోజులు ఊళ్లోనే ఉండిపోయా. తిరిగొచ్చేసరికి హాజరు ఎక్కడికో పడిపోయింది. సెమ్ చివరికి ఎంత లాగినా 68 దగ్గర ఆగింది.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో రూలు మీకు తెలిసిందే. 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే, నిజంగా ఆరోగ్యం బాగోక రాలేకపోతే, మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి కండొనేషన్ తీసుకోవచ్చు. 65 కిందికి పోతేనే ఇక దారి లేనట్టు. అంటే నాకు దారి ఉంది. ఉందని నాకు తెలియదు.

మా కౌన్సిలర్ సార్ దగ్గరికి వెళ్లా. అప్పట్లో మెంటార్ అనేవాళ్లు కాదు, కౌన్సిలర్ అనేవాళ్లు. పేరొక్కటే మారింది. "మీ నాన్నగార్ని తీసుకురా" అన్నారు. నాన్న జగిత్యాల దగ్గర మా పల్లె నుంచి పసుపు తవ్వకాల పని ఆపుకుని వచ్చారు. సార్ ఆయన్ని స్టాఫ్‌రూమ్‌లో నిలబెట్టి "మీవాడు రెగ్యులర్‌గా రావట్లేదు" అని చెప్పి రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకున్నారు. మెడికల్ సర్టిఫికెట్ ఎవరికివ్వాలి సార్ అని అడిగితే "ఆఫీసులో కనుక్కో" అన్నారు. ఆఫీసుకెళ్తే "హెచ్‌ఓడీ సంతకం ఉండాలి" అన్నారు. హెచ్‌ఓడీ సెలవులో ఉన్నారు. నోటీసు బోర్డు మీద ఆఖరి తేదీ వేశారట. నేను చూసేసరికి అది దాటి రెండ్రోజులైంది.

బస్టాండ్‌లో నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. బస్సెక్కేముందు ఒకటే అడిగారు. "ఆ కాయిదం ఎక్కడ ఇయ్యాల్నో గా సారుకు సుత తెల్వదారా?"

ఒక ఏడాది పోయింది. జూనియర్లతో కూర్చున్నా. వాళ్లకు కొత్త రెగ్యులేషన్ వచ్చింది కాబట్టి మా బ్యాచ్‌కు లేని రెండు సబ్జెక్టులు అదనంగా రాసుకున్నా. ఇప్పుడు చెబుతుంటే ఇంతే. అప్పుడు మాత్రం హాస్టల్ రూమ్‌లో ఫ్యాన్ చూస్తూ పడుకున్న రాత్రులు చాలానే ఉన్నాయి.

చాన్నాళ్లు ఆ సార్ మీద కోపం ఉండేది. రెండేళ్ల కిందట మియాపూర్‌లో ఒక టీ కొట్టు దగ్గర ఆయనే నన్ను గుర్తుపట్టి పలకరించారు. టీచింగ్ మానేసి టెస్టింగ్ ఉద్యోగంలో చేరారట. కాసేపయ్యాక ఆ సంగతి ఆయనే ఎత్తారు. "అప్పుడు నేను ఎంటెక్ అయిపోయి అదే జూన్‌లో చేరాను. 24 ఏళ్లు నాకు. మొదటి రోజు టైమ్‌టేబుల్ ఇచ్చారు, ఒక లిస్టు ఇచ్చారు. వీళ్లు నీ పిల్లలు అన్నారు. అంతే. రూల్‌బుక్ నేను మొదటిసారి తెరిచింది నువ్వు డిటెయిన్ అయ్యాకే."

కోపం ఎక్కడ పెట్టుకోవాలో ఆ రోజు నుంచి నాకు తెలియడం లేదు.

నా ఉద్యోగంలో ఆన్‌కాల్ డ్యూటీ ఉంటుంది. రాత్రి సర్వర్ పడిపోతే నాకు ఫోన్ మోగుతుంది. ఆ ఫోన్ నా చేతికిచ్చేముందు రెండు నెలలు ఒక సీనియర్ పక్కన కూర్చోబెట్టారు. ఏ అలారం వస్తే ఏం చూడాలి, నా వల్ల కాకపోతే ఎవర్ని నిద్రలేపాలి, అన్నీ రాసిచ్చారు. ఇది ఫుడ్ ఆర్డర్ల యాప్ కోసం. అవతల 20 మంది పిల్లల నాలుగేళ్లు ఒక 24 ఏళ్ల కుర్రాడి చేతిలో లిస్టు రూపంలో పెట్టి వెళ్లిపోయారు.

అక్కడ ఇదో ఉద్యోగం

ఎంఎస్‌కి అమెరికా వెళ్లిన మనవాళ్లను అడగండి. 'అకడమిక్ అడ్వైజర్' అనే మనిషి అక్కడ చాలా యూనివర్సిటీల్లో పాఠం చెప్పే ప్రొఫెసర్ కాదు, ముఖ్యంగా అండర్‌గ్రాడ్ వాళ్లకు. అదొక విడి ఉద్యోగం. ఏ కోర్సు ముందు తీసుకోవాలి, ఏది ఇప్పుడు వద్దు, మేజర్ మార్చుకుంటే ఎన్ని క్రెడిట్లు వృథా అవుతాయి, ఇవన్నీ చూడటమే వాళ్ల పని. దాన్ని నేర్పడానికి ఒక సంఘమే ఉంది. పేరు నకాడా. 1979లో మొదలైంది. ఆఫీసు కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో ఉంటుంది.

అసలు ఆలోచన అంతకంటే కొంచెం ముందుది. 1972లో బర్న్స్ క్రూక్‌స్టన్, టెర్రీ ఓబానియన్ అని ఇద్దరు విడివిడిగా రెండు వ్యాసాలు రాశారు. ఓబానియన్ ఒక వరస చెప్పాడు. ముందు జీవితంలో ఏం కావాలనుకుంటున్నావో మాట్లాడు, తర్వాత వృత్తి, తర్వాత బ్రాంచ్, తర్వాత కోర్సులు, టైమ్‌టేబుల్ అన్నిటికంటే ఆఖర్న. మన దగ్గర ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఈ వరస సరిగ్గా తలకిందులుగా నడుస్తుందని నా అనుమానం. ముందు ర్యాంకు, తర్వాత బ్రాంచ్, జీవితం సంగతి ఫైనలియర్‌లో. క్రూక్‌స్టన్ మాట ఇంకా సూటిగా ఉంటుంది. డాక్టర్ మందులచీటీ రాసినట్టు సలహా రాసిచ్చేయడం ఒక పద్ధతి, విద్యార్థి తనంతట తాను నిర్ణయం తీసుకునేలా తోడుండటం ఇంకో పద్ధతి, రెండోది కూడా బోధనేనన్నాడు. 'బాగా చదవమని సలహా ఇవ్వడమైనది' ఏ పద్ధతో మీరే చెప్పండి. నాకైతే చీటీ కూడా కాదనిపిస్తుంది. చీటీలో కనీసం మందు పేరుంటుంది.

2017లో నకాడా అడ్వైజర్లకు రావలసినవి మూడు భాగాలుగా చెప్పింది. ఈ పని ఎందుకు చేస్తున్నామన్న అవగాహన ఒకటి. రూల్స్, కోర్సులు, కాలేజీలో ఏ సాయం ఎక్కడ దొరుకుతుందన్న సమాచారం రెండోది. మనిషితో మాట్లాడే తీరు మూడోది. మా సార్ దగ్గర రెండోది లేదు, అందుకే నా ఏడాది పోయింది. మూడోది లేకపోవడం వల్ల నాన్న నిలబడాల్సొచ్చింది. ఏడాది సంగతి మర్చిపోయా. నాన్న నిలబడటం మర్చిపోలేదు.

అక్కడ కొత్తగా చేరిన అడ్వైజర్‌కి తప్పకుండా నేర్పే ఒక సంగతి వింటే మన కాలేజీల వాళ్లు ఉలిక్కిపడతారు. 1974 నుంచి ఫెర్పా అని ఒక చట్టం ఉంది. పిల్లలు కాలేజీలో చేరాక వాళ్ల చదువు రికార్డుల మీద హక్కు వాళ్లదే. కొన్ని మినహాయింపులున్నా, మామూలుగా వాళ్లు సరేననకుండా మార్కులు అమ్మానాన్నలకు చెప్పకూడదు. మన దగ్గర మెంటార్ చేసే మొట్టమొదటి పనే ఇంటికి ఫోన్ కొట్టడం. మన ఇళ్లలో ఫీజు కట్టేది నాన్న, అప్పు తెచ్చేది నాన్న, కాబట్టి ఆ చట్టం ఇక్కడికి ఉన్నదున్నట్టు దించేయాలని నేననను. కానీ ఇంటికి ఫోన్ చేసేముందు "మీ ఇంట్లో చెప్పొచ్చా? నేను చెప్పనా, నువ్వే చెప్తావా?" అని ఒక్కసారి పిల్లాణ్ని అడిగితే ఏం పోతుంది?

సాఫ్ట్‌వేర్ వాణ్ని కాబట్టి నన్ను బాగా లాగింది అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ కథ. 2012 నుంచి వాళ్లు ప్రతి విద్యార్థి రికార్డునీ ఒక సిస్టమ్‌తో రోజూ చూపిస్తున్నారు. 800కు పైగా రకాల ప్రమాద సూచనలు. దారిలో లేని కోర్సుకు రిజిస్టర్ అయినా అలర్ట్, మేజర్‌లో కీలకమైన మొదటి కోర్సులో గ్రేడు తగ్గినా అలర్ట్. అక్కడ డిగ్రీ పూర్తిచేసేవాళ్లు బాగా పెరిగారని దేశమంతా చెప్పుకుంది. ఈ కథ విని మన దగ్గర మేనేజ్‌మెంట్లు 'అయితే ఒక యాప్ కొందాం' అంటాయి. నాలాంటివాళ్లు అమ్ముతారు కూడా. అయితే జార్జియా స్టేట్ యాప్‌తో పాటు 40 మందికి పైగా కొత్త అడ్వైజర్లను తీసుకుంది, ఒక్కొక్కరికి సుమారు 300 మంది విద్యార్థులుండేలా చూసుకుంది. అలర్ట్ వచ్చాక ఎవరో ఒకరు ఆ పిల్లను పిలవాలి. పిలిచి ఏమనాలో తెలిసుండాలి. ఆ భాగం కోడ్‌లో రాయలేం. నేను ప్రయత్నించి చూశా, దాని సంగతి తర్వాత చెప్తా.

నా రూమ్‌మేట్ ఒకడు టెక్సస్‌లో ఎంఎస్ చేశాడు. రెండో సెమ్‌లో ఒక కోర్సు తలకెక్కక డ్రాప్ చేద్దామని అడ్వైజర్‌కి మెయిల్ పెట్టాడు. ఆవిడ గంటలో జవాబిచ్చిందట, 'ఇప్పుడే డ్రాప్ చేయకు, ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓని కలువు' అని. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ చదవాలి. ఎంఎస్ వాళ్లకు చాలాచోట్ల అది సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు. డీఎస్‌ఓ అనుమతి లేకుండా దానికంటే తగ్గితే స్టేటస్‌కే ముప్పు. వీసా రూల్స్ ఆవిడ పని కాదు. అది తన పని కాదనీ, ఎవరి పనో అనీ ఆవిడకు తెలుసు. వాడి అమెరికా చదువు ఆ ఒక్క లైన్ మీద నిలబడింది.

నిష్పత్తి ఉంది, మనిషేడీ?

మన దగ్గర కాగితం మీద ఏమీ తక్కువ లేదు. ఏఐసీటీఈ ఇండక్షన్ ప్రోగ్రామ్‌లో 20 మంది పిల్లలకో ఫ్యాకల్టీ మెంటార్ అని ఉంది. నాక్ వాళ్లు మెంటార్ల సంఖ్యకీ విద్యార్థుల సంఖ్యకీ నిష్పత్తి అడుగుతారు. నిష్పత్తి లెక్కకు సులువు కాబట్టి నిష్పత్తే లెక్కపెడుతున్నారు. ఆ మెంటార్‌కి ఎన్ని గంటలు నేర్పారన్న ప్రశ్న ఉంటే మా బ్యాచ్‌మేట్ ఆదివారం నాకు ఫోన్ చేసేది కాదేమో.

లెక్చరర్లకు ట్రైనింగులు లేవనీ కాదు. ఎఫ్‌డీపీలు వారానికొకటి. ఏఐ మీద, బ్లాక్‌చెయిన్ మీద, పేపర్లు ఎలా పబ్లిష్ చేయాలన్నదాని మీద. 2023లో టీచర్స్ డే నాడు కేంద్రం మాలవీయ మిషన్ అని యూనివర్సిటీ, కాలేజీ అధ్యాపకుల ట్రైనింగ్ మొదలుపెట్టింది. మన ఉస్మానియాలోనూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ సెంటర్లున్నాయి. అందులో 8 అంశాలు. విద్యార్థుల వైవిధ్యం, అందర్నీ కలుపుకుపోయే విద్య అన్నది వాటిలో ఒకటి. మెంటార్ పనికి దగ్గరగా వచ్చేది అదే. ఆరు బ్యాక్‌లాగ్‌లున్నవాడు ఎదురుగా కూర్చుంటే మొదటి మాట ఏమనాలన్నది మాత్రం ఎఫ్‌డీపీ పోస్టర్లలో నాకెక్కడా కనబడలేదు.

ఇంతలో రూల్స్ చూస్తే ఏటా ముదురుతున్నాయి. జాతీయ విద్యావిధానం వచ్చాక అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, స్వయం కోర్సుల క్రెడిట్లు, అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చేస్తే మైనర్ లేదా ఆనర్స్. మా కాలంలో ఒక్క కండొనేషన్ తేదీ తెలియకే ఏడాది పోయింది. ఇప్పటి పిల్లలకు దాటిపోవడానికి ఎన్ని తేదీలున్నాయో!

ఇంకో సంగతి రాయక తప్పదు. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం కేసులో, దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సిలర్ ఒకరైనా ఉండాలి. పరీక్షల సమయంలో చిన్న చిన్న బ్యాచ్‌లకు ప్రత్యేకంగా మెంటార్లు ఉండాలి. టీచింగ్, నాన్‌టీచింగ్ సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్య నిపుణులతో శిక్షణ ఇప్పించాలి. ప్రమాద లక్షణాలు గుర్తుపట్టడం, ఎవరి దగ్గరికి పంపాలో తెలియడం అందులో భాగం. మెంటార్ సైకాలజిస్ట్ కావాలని ఎవరూ అడగడం లేదు. నాలుగు రోజులుగా మెస్‌కి రాని పిల్లాణ్ని చూసి 'బాగా చదవమని' రాయకుండా ఉంటే చాలు. టెలిమానస్ నంబర్ 14416 ఎంతమంది మెంటార్ల ఫోన్లలో సేవ్ అయి ఉంటుంది? మీ మెంటార్‌ని అడిగి చూడండి. మీ ఫోన్‌లో కూడా వేసుకోండి.

నాకు ఆరు బ్యాక్‌లాగ్‌లు

మ్యాక్రో రాసిచ్చిన వారం తర్వాత మా బ్యాచ్‌మేట్‌కి నా కథంతా చెప్పా. డిటెయిన్ అయ్యానని తనకు తెలుసు, ఎందుకో తెలియదు. కాసేపు ఊరుకుని "నాకూ ఎవరూ నేర్పలేదురా" అంది.

జనవరిలో తను ఒక శనివారం మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్‌లో ఏడుగుర్ని కూర్చోబెట్టింది. అందరూ చేరి మూడేళ్లు దాటని లెక్చరర్లు. మొదట అకడమిక్ సెక్షన్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న సీనియర్ అసిస్టెంట్‌ని పిలిచింది. ఆయన జన్మలో ఎవరికీ పాఠం చెప్పలేదు. కానీ ఏ ఫారం ఎప్పుడు, ఎవరి సంతకం, ఆఖరి తేదీ దాటినా ఫైన్‌తో ఎన్ని రోజులు తీసుకుంటారు, అన్నీ నోటికొచ్చు. గంటన్నర చెప్పారు. ఆ కాలేజీలో అంత ఉపయోగపడిన ఎఫ్‌డీపీ ఇంకోటి జరిగి ఉండదు. ఆయనకు శాలువా మాత్రం ఎవరూ కప్పలేదు.

తర్వాత నా వంతు. నేను స్టూడెంట్‌ని, ఆరు బ్యాక్‌లాగ్‌లు, మెంటార్ పిలిచారు. మొదట ఒక సార్ కూర్చున్నారు. "ఏం సమస్య?" అన్నారు. "ఏం లేద్సార్, బానే ఉంది" అన్నా. అందరు స్టూడెంట్లూ చెప్పే మాటే. ఆయన నాలుగు నిమిషాలు మాట్లాడారు. టైమ్ మేనేజ్‌మెంట్, ఫోన్ పక్కన పెట్టడం, పేరెంట్స్ కష్టం. నేను తలూపా. చాలా హాయిగా ఉంది, తలూపితే అయిపోతుంది.

తర్వాత ఒక మేడం. వయసు నాకంటే తక్కువే. ఆవిడ సమస్య ఏంటని అడగలేదు. "నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా ఏం చేశావో చెప్తావా?" అంది. నేను ఊహించుకుని చెప్పడం మొదలుపెట్టా. హాస్టల్, క్లాస్, మెస్. మధ్యలో ఎప్పుడు దారి తప్పానో తెలీదు. ఊళ్లో మంచం మీద పడుకున్న రోజులు, సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసు కిటికీ దగ్గర నిలబడటం, నాన్న బస్సెక్కేముందు అన్న మాట, అన్నీ చెప్పేశా. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నేను ఆపాక "ఆ సర్టిఫికెట్ ఇప్పుడెక్కడుంది?" అని అడిగింది. తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఇంట్లో బీరువాలో ఉంది, పదో తరగతి మెమో కింద.

ప్రాక్టీస్ కోసం ఒక బాట్ రాస్తే లెక్చరర్లు దాంతో మాట్లాడి నేర్చుకుంటారు కదా అని ముందు వారం ఒకటి చేసి చూశా. అది అడగ్గానే సమస్యలన్నీ వరసగా చెప్పేసేది. ఏ స్టూడెంటైనా అలా చెప్తాడా? తీసేశా.

ఇదంతా సజావుగా సాగుతోందని చెప్పలేను. రెండో శనివారానికి ఏడుగురిలో నలుగురే వచ్చారు. ఒకాయనకు ఇంటర్వ్యూ, ఇద్దరికి ఇన్విజిలేషన్. ఎండాకాలం వస్తే అడ్మిషన్ల టార్గెట్లు పట్టుకుని ఊళ్ల మీద తిరగాలి. ఏడాదికి సగం మంది మారిపోయే స్టాఫ్‌కి ఏటా మళ్లీ మొదట్నుంచి నేర్పాలి. మేనేజ్‌మెంట్ నుంచి వచ్చిన ప్రశ్న ఒకటే: దీనికి సర్టిఫికెట్ ఇస్తారా, నాక్ ఫైల్‌లో పెట్టొచ్చా? పెట్టుకోండి సార్ అని చెప్పిందట మావాళ్లమ్మాయి. అలాగైనా గది ఇస్తే చాలని.

షీట్ కూడా మార్చాం. 'రిమార్క్స్' కాలమ్ తీసేసి మూడు పెట్టాం. పిల్లాడు ఏం చెప్పాడు. ఎవరి దగ్గరికి పంపాం. వెళ్లాడా. మొదటి కాలమ్‌కి లాక్ వేశా, మెంటార్‌కి తప్ప ఎవరికీ కనబడదు, నాక్ టీమ్‌కి కూడా. మూడోదాన్లో 'అవును' పడేదాకా వరస ఎర్రగా ఉంటుంది. మ్యాక్రో మొత్తం 11 లైన్లు.

పోయిన వారం మిడ్స్ అయ్యాక స్క్రీన్‌షాట్ పంపింది. నాలుగు వరసలకు మూడు తెల్లబడ్డాయి. ఒకటి ఇంకా ఎర్రగానే ఉంది. కింద మెసేజ్: "కండొనేషన్‌కి గురువారం లాస్ట్ డేట్. వీడికి ఆఫీసు కిటికీ దగ్గరికెళ్లాలంటే భయం. రేపు లంచ్‌లో నేనే తీసుకెళ్తున్నా."